ప్రయోగశాలలో వావివరసలు

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లకొచ్చినప్పుడు నేనూ మా అమ్మాయీ గుంటూరులో మ్యాట్నీకి వెళ్లాం. 1991 జూలైలో అది మొదటిసారి విడుదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కాలయంత్రం తలుపు మూసుకుని, లోపల అంకెలు గిర్రున తిరుగుతుంటే హాలంతా ఈలలు వేసింది. నేనూ మనసులో వేశాను, పైకి వేసే ధైర్యం లేక. ఈసారి ఆ దృశ్యం వచ్చేసరికి మా అమ్మాయి నిజంగానే వేసింది. నాకు ముచ్చటేసింది. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ అడిగింది: "అమ్మా, ఈ హేమ ఏం పని చేస్తుంది?"

"ప్రొఫెసర్‌గారి కూతురు."

"అది పని కాదు కదా."

నిజమే, అది పని కాదు. సింగీతం శ్రీనివాసరావు తీసిన, జంధ్యాల మాటలు రాసిన ఆ సినిమా అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. తెలుగులో సైన్స్‌ ఫిక్షన్‌ని ఇంటిల్లిపాదికీ దగ్గర చేసింది అదే. కానీ మా అమ్మాయి ప్రశ్న తర్వాత ఆ ప్రయోగశాల నాకు మరోలా కనిపించడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ రాందాసు ల్యాబ్ ఇంట్లోనే ఉంటుంది. హేమ అందులోకి వెళ్లగలగడానికి ఆమె దగ్గరున్న పాస్ ఒక్కటే, ఆయన కూతురు కావడం. కృష్ణకుమార్ అందులోకి రాగలగడానికి కారణం అతను హేమ ప్రేమికుడు కావడం. అక్కడినుంచి ఒక కానిస్టేబుల్‌తో సహా 1526 నాటి విజయనగరానికి వెళ్తారు, తర్వాత కథ 2504కి వెళ్తుంది. దాదాపు వెయ్యేళ్లు అటూ ఇటూ తిరిగినా నాకు గుర్తుండిపోయిన ఉద్యోగిని ఒక్కతే. రాయల కొలువులో నర్తకి సింహనందిని. ఆమెకు పని ఉంది, ఆ పనిలో నేర్పు ఉంది, పేరుంది. కాబట్టే కావచ్చు, కథ ఆమెను కోరికకి మారుపేరుగా నిలబెట్టింది. హేమకి వరస ఉంది, ఉద్యోగం లేదు. సింహనందినికి ఉద్యోగం ఉంది, వరస లేదు. ఆ పాత్ర వేసిన సిల్క్ స్మిత, ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి, సినిమా పరిశ్రమలో తన కష్టం మీద బతికిన మనిషి. 1996లో చనిపోయింది. తెరమీదా బయటా ఆమెని ఏ వరసతోనూ పిలవని లోకం మనది.

వరస అనే మాట ఎందుకు వాడుతున్నానో చెప్పాలి.

మన దగ్గర పరాయి మగవాడితో మాట కలపాలంటే ముందు వరస కలపాలి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర, తొడిమలు తీసే ఆడవాళ్లని చూడండి. మేస్త్రి వాళ్లకన్నా పదేళ్లు చిన్నవాడైనా 'బాబాయ్' అంటారు. లారీ దగ్గర కాటా వేసే కుర్రాడు 'అన్నయ్య'. ఇది మర్యాద మాత్రమే అనుకుంటే పొరపాటు. మేనరికాలున్న సమాజంలో ప్రతి వరసా ఒక హద్దు. అన్న, బాబాయి, పెదనాన్న అనేవి కంచెలు. బావ, మామ అనేవి తలుపులు. పనిచేసే చోట 'బావా' అన్న పిలుపు వినబడితే చుట్టుపక్కల నవ్వులు మొదలవుతాయి. పొగాకు గ్రేడింగు షెడ్లలో, పత్తి జిన్నింగు మిల్లుల్లో మా అమ్మమ్మల తరం ఈ పిలుపుల్నే ఆయుధాలుగా పట్టుకుని పనిచేసింది. పని స్థలంలో ప్రవర్తన గురించి మనకి రాతలో రూల్సు రాకముందు ఉన్న సర్వీసు రూల్సు ఇవే.

నేనూ వాడాను ఆ ఆయుధాన్ని. 1996లో వేరే ఊళ్లో ఒక పరిశోధనా సంస్థలో చేరాను. అక్కడ ఒక సీనియర్ స్కాలర్ మైక్రోస్కోపులో స్లైడు చూపించే నెపంతో భుజం మీద చెయ్యి వేసేవాడు. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియదు. రాఖీ పౌర్ణమి నాడు నలుగురిలో అతని చేతికి రాఖీ కట్టేశాను. హాస్టల్‌లో అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఆ రోజునుంచి చెయ్యి రాలేదు, కానీ అన్నయ్య వచ్చాడు. ఆరు దాటితే ల్యాబ్‌లో ఉండొద్దన్నాడు. ఎవరితో టీకి వెళ్లానో అడిగాడు. మా గైడ్ దగ్గర నా తరఫున తనే మాట్లాడి, "చెల్లాయికి రాత్రిపూట రీడింగులు తీసుకోవడం కష్టమండీ, నేను చూసుకుంటాను" అన్నాడు. రీడింగులు అతను చూసుకున్నాడు. పేపరు మీద పేరు కూడా అతనిదే పడింది. చెల్లెలికి పేరెందుకు?

అప్పుడు నాకు తెలియదు గానీ, ఈ వరస చిక్కుని నాకన్నా తొంభై ఏళ్ల ముందే ఒకామె సైన్స్ కథలో పెట్టింది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. మరుసటి ఏడాది, అదే మద్రాసు రాజధానిలో, తెలుగు కుటుంబం నుంచి వచ్చిన కమలా సత్యనాథన్ నడిపే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో రొకేయా సఖావత్ హుసేన్ రాసిన ఇంగ్లీషు కథ 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. స్త్రీల దేశం. మగవాళ్లు మర్దానాలో, అంటే జనానాకి తిరగేసిన చోట, ఉంటారు. స్త్రీలకి రెండు విశ్వవిద్యాలయాలు. ఒకటి మేఘాలనుంచి నేరుగా నీళ్లు తీసే బెలూన్‌ని కనిపెట్టింది, ఇంకొకటి ఎండ వేడిని పట్టి దాచుకోవడం కనిపెట్టింది. దండెత్తి వచ్చిన సైన్యాన్ని ఆ ఎండతోనే తరిమేశారు.

ఈ కథ గురించి మన పత్రికల్లో చాలామంది రాశారు. నాకు ఆశ్చర్యమేసేది అందులోని ఆఫీసు సంగతులు. సిస్టర్ సారా ల్యాబ్ పనిని రోజుకి రెండు గంటల్లో ముగించుకుంటుంది. మగవాళ్లు ఏడుగంటలు ఆఫీసులో కూర్చుని చుట్టలు కాలుస్తూ, పని చేయడం కన్నా పని గురించి మాట్లాడటమే ఎక్కువని ఆమె ఎగతాళి. అంతకన్నా ముఖ్యమైనది వావివరసల సంగతి. తమ దేశంలో పవిత్రమైన సంబంధాల పరిధి చాలా పెద్దదనీ, దూరపు దాయాది కూడా సోదరుడితో సమానమేననీ ఆమె చెబుతుంది. పరదా ఆచారంలో ఎవరి ఎదుటపడవచ్చో నిర్ణయించేది ఈ పరిధే. రొకేయా దాన్ని రద్దు చేయలేదు, సాగదీసింది. అందరినీ అన్నదమ్ముల్ని చేసేసింది. దానితోపాటు మగవాళ్లని గదిలో పెట్టి తాళం వేసింది. అంటే స్త్రీలు నిర్భయంగా పనిచేసే ప్రయోగశాలని ఊహించడానికి ఆమెకి రెండే దారులు కనిపించాయి. మగవాడు అక్కడ ఉండకపోవడం, ఉంటే అన్న కావడం. కథ చదివిన ఆమె భర్త ఇదొక భయంకరమైన ప్రతీకారం అన్నాడట. నాకది ప్రతీకారం కన్నా లెక్కకి కుదిరిన సమాధానంలా అనిపిస్తుంది. సహోద్యోగి అనే మగవాడు ఆ కథలో లేడు. 1905లో బయట మాత్రం ఎక్కడున్నాడు?

అరవై ఏళ్ల తర్వాత ఆడవాళ్లు ఆఫీసులకి వెళ్లారు, కథలూ వెంట వెళ్లాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' సైన్స్ ఫిక్షన్ కాదు, కానీ దాన్ని దాటి ముందుకి వెళ్లలేను. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చిన ఆ నవలని మా అమ్మ అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఎన్నిసార్లు చదివిందో. స్త్రీవాద విమర్శ దానికి అన్యాయం చేసిందని నా అభిప్రాయం. రాజశేఖరం కారు, మేడ, ఆరడుగుల ఎత్తు గురించి నవ్వుకున్నాం. జయంతి పదే పదే వేసుకునే ప్రశ్నని మాత్రం వదిలేశాం. ఈయన నా యజమానిగా పిలుస్తున్నాడా, మగవాడిగా పిలుస్తున్నాడా, కాదంటే నా ఉద్యోగం ఏమవుతుంది? ఆ భయాన్ని తెలుగు పాఠకురాలి ముందు విప్పి పెట్టింది ఆ నవలే. సమాధానం మాత్రం పెళ్లి. రాజశేఖరంతో వరస కుదిరాక యజమాని ప్రశ్న మాయమవుతుంది, సెక్రటరీ కుర్చీ సంగతీ అంతే.

సరిగ్గా అదే కాలంలో సముద్రాలకవతల ఇంకో సెక్రటరీ ఉండేది, నక్షత్ర నౌకలో. 1966లో అమెరికా టీవీలో మొదలైన 'స్టార్ ట్రెక్'లో జానిస్ రాండ్ అనే పాత్ర. కెప్టెన్ కిర్క్ దగ్గర రికార్డులు, సంతకాలు, భోజనం పళ్లెం చూసుకునే ఉద్యోగం. ఇద్దరి మధ్యా చెప్పుకోని ఆకర్షణ ఉన్నట్టు కథ సూచిస్తూ ఉంటుంది. ఆ ఏడాది అక్టోబరులో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో యంత్రం పొరపాటున కిర్క్ రెండుగా చీలిపోతాడు, ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు. చెడ్డ కిర్క్ రాండ్ గదిలోకి వెళ్లి ఆమె మీద పడతాడు. ఆమె పెనుగులాడి, గోళ్లతో రక్కి తప్పించుకుంటుంది. తర్వాత విచారణ. ఎదురుగా కెప్టెన్, పక్కన ఆయన అధికారులు. ఏడుస్తూ ఆమె చెప్పేదేమిటంటే, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని లేదు, ఇంకొకరు కూడా చూసి ఉండకపోతే నేను ఈ మాటే ఎత్తేదాన్ని కాదు అని. ఇరవైమూడో శతాబ్దపు నౌకలో, ఫిర్యాదు చేసే అమ్మాయి ముందుగా చెప్పుకుంటున్నది క్షమాపణ.

ఎపిసోడ్ చివర్లో ఇంకా ఘోరం ఉంది. అంతా సర్దుకున్నాక, భావోద్వేగాలు లేవని పేరున్న స్పాక్ ఆమె దగ్గరకొచ్చి, ఆ నకిలీ కెప్టెన్‌లో కొన్ని ఆసక్తికరమైన గుణాలున్నాయి కదా అన్నట్టు ఒక చతురోక్తి విసురుతాడు. రాసినవాళ్లకీ తీసినవాళ్లకీ అది సరదా.

ఆ పాత్ర వేసిన గ్రేస్ లీ విట్నీని మొదటి సీజన్ సగంలోనే తప్పించారు. కెప్టెన్‌కి గ్రహానికో ప్రేమకథ నడపాలంటే పక్కన ఈ అమ్మాయి ఉండటం అడ్డమని కారణం చెప్పుకున్నారు. 1998లో వచ్చిన ఆత్మకథలో ఆమె ఇంకో సంగతి రాసింది. తీసేసే ముందు రోజుల్లో ఆ నిర్మాణానికి సంబంధించిన ఒక పెద్ద అధికారి తనపై లైంగికంగా దాడి చేశాడని. పేరు రాయలేదు. తర్వాత ఏళ్ల తరబడి తాగుడులో కూరుకుపోయి, బయటపడి, 1979 సినిమాలో అదే పాత్రగా తిరిగొచ్చింది. 2015లో చనిపోయింది. తెరమీద రాండ్ చెప్పలేక చెప్పిన మాట, తెర బయట విట్నీ చెప్పడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

అదే ధారావాహికలో ఉహురా పాత్ర వేసిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్‌కీ కిర్క్‌కీ మధ్య 1968 నవంబరులో వచ్చిన ముద్దు అమెరికా టీవీ చరిత్రలో మైలురాయి అంటారు. అవును, వర్ణవివక్ష దృష్ట్యా అది పెద్ద విషయమే. కానీ కథలో ఆ ముద్దు ఇద్దరి ఇష్టంతోనూ జరగదు. మనోబలమున్న గ్రహాంతరవాసులు తమ వినోదం కోసం వాళ్లని బొమ్మల్లా ఆడించి పెట్టిస్తారు. ఉహురా సమాచార వ్యవస్థ మొత్తం చూసే అధికారి. చరిత్ర ఆమెని గుర్తుపెట్టుకున్నది మాత్రం ఎక్కువగా ఆ బలవంతపు ముద్దుతోనే.

మళ్లీ మన దగ్గరకొస్తే, నేను రాఖీ కట్టిన మరుసటి ఏడాది, 1997 ఆగస్టు 13న, సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. (మా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అది విశాఖపట్నం కేసనుకుంటారు. కాదు. కేసు వేసిన రాజస్థాన్ మహిళా సంస్థ పేరు అది.) 1992లో బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు సామూహిక అత్యాచారానికి గురైన భన్వారీ దేవి, ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తున్న సాథిన్. ఆమెపై దాడి ఆమె పని వల్ల జరిగింది. పని స్థలం అనే మాటకి ఈ దేశంలో చట్టపరమైన అర్థం అక్కడినుంచి వచ్చింది. 2013లో చట్టం అయింది. పదిమంది లేక అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. తొడిమలు తీసే మా యార్డు ఆడవాళ్లలో చాలామందికి దారి ఆ రెండోదే. మేస్త్రిని బాబాయ్ అనడం మానేసి కలెక్టరేట్ మెట్లెక్కినవాళ్లని నేనింకా కలవలేదు. రాందాసుగారి ల్యాబ్‌లో పదిమంది లేరు కాబట్టి హేమ కూడా అక్కడికే వెళ్లాలి. 1526లో అయితే రాయలవారే యజమాని.

ఈ చట్టం ప్రేమని నిషేధించలేదు. 'ఇష్టం లేని' అనే ఒక్క విశేషణం మీద అది నిలబడుతుంది. ఎవరికి ఇష్టం లేదు? ఆమెకి. వరస అలా కాదు. వరసైనవాడు చెయ్యి పట్టుకుంటే ఆమె ఇష్టం ఎవరూ అడగరు, వరస కానివాడైతే అప్పుడూ అడగరు, ఊరే తీర్పు చెబుతుంది.

ఇష్టం లేదు అన్న మాట యంత్రానికి అర్థమవుతుందా అని అడిగిన సినిమా 2010లో వచ్చింది. శంకర్ తమిళంలో తీసిన 'ఎందిరన్', మనకి 'రోబో'. చాలామంది దాన్ని గ్రాఫిక్స్ కోసం చూశారు. నేను రెండోసారి చూసింది సనా కోసం. శాస్త్రవేత్త వశీకరణ్ తన రూపంలోనే మరమనిషిని తయారు చేస్తాడు, చిట్టి. వశీకరణ్ దగ్గర సహాయకులిద్దరూ మగవాళ్లే. సనా వైద్య విద్యార్థిని, చదువుకున్న అమ్మాయి. అయినా ఆ ల్యాబ్‌లోకి ఆమె వచ్చేది అతని ప్రేయసిగానే. పరీక్షలో ఆమెకి జవాబులు అందించేది కూడా చిట్టే. డాక్టరు కాబోయే అమ్మాయికి ఇంతకన్నా అవమానం ఉందా అని అప్పట్లో మా స్టాఫ్‌రూమ్‌లో నేను గొడవ పడ్డాను. కామెడీకి కోపమేంటి మేడమ్ అన్నారు.

కథ మలుపు ఇంకోచోట ఉంది. అగ్నిప్రమాదంలో చిట్టి మనుషుల్ని కాపాడుతూ, స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని బట్టల్లేకుండానే ఎత్తుకొచ్చి కెమెరాల ముందు నిలబెడుతుంది. ఆ అమ్మాయి సిగ్గుతో పరుగెత్తి బండి కిందపడి చనిపోతుంది. దాన్నుంచి సినిమా నేర్చుకున్న పాఠం ఏమిటి? యంత్రానికి భావాలు లేవు, కాబట్టి నేర్పాలి. కెమెరాలు ఎందుకు ఆగలేదన్న ప్రశ్న లేదు. ప్రాణం కన్నా మానం ఎక్కువని ఆ పిల్లకి ఎవరు నేర్పారన్న ప్రశ్న అంతకన్నా లేదు. ఆమె శవం మీదుగా చిట్టికి మనసు వస్తుంది. సనా మెచ్చుకోలుగా పెట్టిన ముద్దుతో ఆ మనసుకి ప్రేమ వస్తుంది. ఆమె స్పష్టంగా కాదంటుంది. స్నేహితుడివి అంటుంది. చిట్టికి 'స్నేహితుడు' అనే వరస అర్థం కాదు. పెళ్లిపీటల మీదినుంచి ఎత్తుకుపోతుంది.

ఇక్కడ సినిమాకి తెలియకుండానే ఒక నిజం చెప్పిందని నాకనిపిస్తుంది. చిట్టి ముఖం వశీకరణ్ ముఖమే. రెండూ రజనీకాంతే. పదే పదే అడగడం, కాదంటే వినకపోవడం, వెంటపడటం, మన సినిమాల్లో హీరోలంతా చేసేదే. అదే ముఖంతో యంత్రం చేస్తే మాత్రం అది నేరమైంది. కోర్టు దాన్ని విడదీయమని ఆజ్ఞాపించింది. స్టార్ ట్రెక్‌లో కిర్క్ రెండుగా చీలినట్టే ఇక్కడ రజనీకాంత్ చీలాడు. నలభై నాలుగేళ్ల తేడాతో రెండు దేశాలూ ఒకే ఉపాయం పన్నాయి. హీరో చేయకూడనిది హీరో ముఖమున్న ఇంకొకడి చేత చేయించి, వాడిని నాశనం చేసి, హీరోని కడిగిపెట్టడం. నా అన్నయ్య విషయంలో అలా చీల్చే యంత్రం దొరకలేదు. చెయ్యి వేసినవాడూ కాపలా కాసినవాడూ ఒక్కడే.

తర్వాత వచ్చినవాటిలో 2018 డిసెంబరు నాటి 'అంతరిక్షం' గురించి మంచి మాట చెప్పాలి. సంకల్ప్ రెడ్డి తీసిన ఆ తెలుగు సినిమాలో రియా వ్యోమగామి. హీరో ప్రేమ కథ ఆమెతో కాదు, చనిపోయిన పార్వతితో. అంటే నౌకలో ఒక మగవాడూ ఒక ఆడదీ పక్కపక్కన కూర్చుని మీటలు నొక్కుతూ, పని గురించి మాట్లాడుకోవడం మన తెరమీద కనిపించింది. సినిమా పెద్దగా ఆడలేదు, అది వేరే సంగతి. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చాలా పెద్దగా ఆడింది. అందులో ప్రయోగశాల నిండా స్త్రీలే, శాస్త్రవేత్తలుగా కాదు, గర్భాలుగా. కథానాయికకి మొదట పేరు కూడా లేదు, ఒక కోడూ నంబరూ తప్ప. కూతురుగా, ప్రేయసిగా ల్యాబ్‌లోకి వెళ్లిన మనం చివరికి ముడిసరుకుగా వెళ్లాం. దీని మీద వేరే వ్యాసం రాయాలి.

కథలు ఇలా ఉండగా నిజం ఒకరోజు కథని దాటిపోయింది. 2021 జూలై 11న గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ వాళ్ల 'యూనిటీ' నౌకలో దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లొచ్చింది. ఏరోనాటికల్ ఇంజనీరు, ఆ కంపెనీలో ప్రభుత్వ వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్. నౌకలో ఆమె పని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల మొక్కల ప్రయోగం నడపడం. అదే నౌకలో కంపెనీ స్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్ కూడా ఉన్నాడు. మన దగ్గర ఆ వారమంతా 'మన ఆడపడుచు', 'మన బిడ్డ' అన్న మాటలే. వరస లేకుండా ఆమెని అంతరిక్షంలోకి కూడా పంపలేకపోయాం.

దిగొచ్చాక వేదిక మీద బ్రాన్సన్ ఆమెని భుజాల మీదికెత్తుకుని తిప్పాడు. ఆమె నవ్వుతూ చేతులు పైకెత్తింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అది సంబరం. అందులో తప్పు జరిగిందని నేననడం లేదు, ఆమె సంతోషాన్ని అనుమానించే హక్కు నాకు లేదు. నన్ను ఆపింది ఆ ఫొటో కాదు. మర్నాడు మా స్టాఫ్‌రూమ్‌లో పేపరు చూస్తూ ఒకాయన అన్న మాట: "చూశారా, కన్నతండ్రిలా ఎలా ఎత్తుకున్నాడో!" యజమాని కన్నతండ్రి అయిపోయాడు. ఇంజనీరు మళ్లీ ప్రొఫెసర్‌గారి కూతురైపోయింది.

కిందటేడు మా కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలకి సైన్స్ కథ రాయమని చెప్పాను. ఊరికే రాయమంటే రాయరు కదా, ఒక సంగతి చెప్పాను. 2021లోనే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నాసా వాళ్లు మిరపకాయలు పండించారనీ, వ్యోమగామి మేగన్ మెకార్థర్ వాటితో టాకోలు చేసుకుని తిన్నదనీ. గుంటూరు పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి. చిలకలూరిపేట వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి చంద్రుడి మీద మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టేసింది. దాని నిర్వహణ చూసే ఇంజనీరు ఒక స్త్రీ. ఆమె కింద కొత్తగా చేరిన కుర్రాడు. గాలి లీకవుతుంది, ఇద్దరూ కలిసి రాత్రంతా బాగుచేస్తారు. చంద్రుడి మీద రాత్రంటే మన పద్నాలుగు రోజులని ఆ పిల్ల లెక్కతో సహా రాసింది. కుర్రాడికి ఆమె అంటే ఇష్టం కలుగుతుంది. చెప్పాలా వద్దా, చెబితే ఆమె పై అధికారి కాబట్టి ఏమవుతుంది, ఆమెకీ ఇష్టమే అయితే జీతాల పట్టీ మీద సంతకం ఎవరు పెట్టాలి, ఇవన్నీ ఆలోచిస్తాడు. అన్నీ పనివాళ్లు ఆలోచించే ఆలోచనలు. చదువుతూ చదువుతూ నేను టీ చల్లార్చుకున్నాను.

అతను ఆమెని పిలిచే ప్రతిచోటా కామా పెట్టి, దాని ముందు చుక్కలు వదిలేసింది. ". . . . . . , ఆ వాల్వు నేను పట్టుకుంటాను." ". . . . . . , టీ తాగుతారా?"

పిలిచి అడిగాను, ఈ చుక్కలేమిటని. తల గోక్కుంది. "మేడమ్ అంటే వాడు నోరెత్తలేడు మేడమ్. అక్కా అంటే కథ అక్కడితో అయిపోతుంది. పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో చదవనివ్వరు."

"మరి?"

"మీరేమైనా చెప్తారేమోనని ఖాళీ ఉంచాను."

నాకూ తోచలేదు. ఏ పేరూ తోచకుండానే కథని కాలేజీ పత్రికలో వేశాం, చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. ప్రెస్సులో కంపోజ్ చేసినాయన ఫోన్ చేసి, ఏదో ఎగిరిపోయినట్టుందండీ అన్నాడు. ఎగిరిపోలేదండీ, అలాగే వెయ్యండి అన్నాను.